తలుపు వేయనివ్వని ఫాదర్ గారు

మా చర్చి ఉపదేశి గారు పొద్దున్నే ఫోన్ చేశారు. "ఫాదర్ గారు ప్రభువులో నిద్రించారమ్మా" అన్నారు. స్టవ్ మీద పాలు పెట్టి ఉన్నాను. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "ఆ గది తలుపు తీసే ఉందా అండీ?" అని. ఆయన, "ఏ తలుపమ్మా?" అన్నారు. ఈలోగా పాలు పొంగిపోయాయి.

తిరువూరులో మా విచారణకు, అంటే మా చర్చికీ దాని కింది ఊళ్లకీ, ఆయన చాలాకాలం గురువుగా ఉన్నారు. ఆయన గురించి అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెబుతారు. బడికి గదులు కట్టించారని కొందరు, ప్రసంగం తొందరగా ముగించేవారని కొందరు. రెండోదానికి కృతజ్ఞత చెప్పుకునేవాళ్లే ఎక్కువ. నాకు మాత్రం ఆయన అనగానే తెరిచి ఉన్న తలుపు గుర్తొస్తుంది.

తలుపు మూసి ఉంటే ఆయనకు ఊపిరాడేది కాదు. వానజల్లు లోపలికి కొడుతున్నా సరే, పూజ జరుగుతుంటే చర్చి పెద్ద తలుపులు వేయనిచ్చేవారు కాదు. వెనక వరసల్లో వాళ్లు గొడుగులు పట్టుకుని జపమాల చెప్పిన రోజులున్నాయి. పాపసంకీర్తనం వినడానికి చెక్కతో చేసిన చిన్న గది ఉన్నా, అందులో అడుగు పెట్టేవారు కాదు. వరండా చివర ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునేవారు. మా పాపాలు దారినపోయే ఆటోవాళ్లకు ఎక్కడ వినబడతాయోనని మేం నోటికి కొంగు అడ్డం పెట్టుకునేవాళ్లం. ఎందుకలా అని ఒకసారి అడిగేశాను.

"చిన్నప్పుడే ఫాదర్ల చదువుకని సెమినరీలో చేర్పించారమ్మా. మేం పడుకునే హాలుకి బయటి నుంచి తాళం వేసేవాళ్లు. దేవుడి దగ్గరికి నా ఇష్టంతోనే వచ్చాను. ఆ తాళం చప్పుడు మాత్రం ఇంకా చెవిలోంచి పోలేదు" అన్నారు.

నాకు వెంటనే అర్థమైంది. అప్పటికి నా బతుకూ అలాగే ఉంది మరి. అత్తయ్యకు పక్షవాతం వచ్చి మంచాన పడ్డారు. మా ఆయన లారీ డ్రైవరు. మామిడికాయల కాలం వస్తే రెడ్డిగూడెంలో లోడు ఎత్తుకుని ఎటో వెళ్లేవారు, అది అయ్యాక పత్తి, ఆ తర్వాత ఇంకేదో. మాది రెండు గదుల ఇల్లు. ఒకదాంట్లో అత్తయ్య మంచం, రెండోదాంట్లో పొయ్యి, నేను. అన్నం కలిపి పెట్టడం, పక్కకు తిప్పడం, గుడ్డలు ఉతకడం, మళ్లీ అన్నం. అత్తయ్యకు కాలూ చెయ్యీ పడిపోయాయి గానీ నోరు పడిపోలేదు. నేను గడప దాటితే చాలు, "ఎక్కడ చచ్చావే" అని కేక. జాలిపడ్డవాళ్లందరూ "నీకు పరలోకంలో కిరీటం ఉందమ్మా" అనేవాళ్లు. కిరీటం ఎవరిక్కావాలి? నాకు బస్టాండు దాకా ఒక్కదాన్నే నడిచి వెళ్లి రావాలని ఉండేది.

నెలలో మొదటి శుక్రవారం గురువులు మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో ఇచ్చే అప్పం, తీసుకెళ్తారు. ప్రార్థన చేసి, సత్ప్రసాదం ఇచ్చి, ఆశీర్వదించి ఇంకో ఇంటికి వెళ్లిపోతారు. ఈయన మా ఇంటికి అందరికంటే చివర వచ్చేవారు. మొదటిసారి వచ్చినప్పుడు, అత్తయ్యకు సత్ప్రసాదం ఇచ్చాక కుర్చీని తలుపు పక్కకు జరుపుకుని కూర్చుని, "ఇక నువ్వు వెళ్లి రా" అన్నారు.

"ఎక్కడికి ఫాదర్ గారూ?"

"నాకేం తెలుసు? నీ కాళ్లు ఎటు తీసుకెళ్తే అటు."

నా కాళ్లకూ తెలియలేదు. బస్టాండుకి వెళ్లి బల్ల మీద కూర్చున్నాను. గంపలగూడెం బస్సు కండక్టరు "ఎక్కడికమ్మా?" అంటే, "ఎక్కడికీ కాదండి" అన్నాను. అతను అదోలా చూశాడు. మిరపకాయ బజ్జీలు కొనుక్కుని, మధ్యలో ఎవరూ పిలవకుండా, చివరి ముక్క దాకా తిన్నాను. ఇంటికొచ్చేసరికి అత్తయ్య నా మీద ఫాదర్ గారికి చాడీలు చెబుతున్నారు. ఆయన శ్రద్ధగా వింటూ ఆవిడ మూతి తుడుస్తున్నారు. అప్పట్నుంచి ప్రతి మొదటి శుక్రవారమూ అంతే.

ఒక వేసవిలో అత్తయ్యకు జ్వరం పట్టుకుంది. నాకు నిద్ర లేదు, మా ఆయన ఊళ్లో లేరు. ఆ శుక్రవారం చెప్పులు వేసుకుంటూ అనేశాను. "ఇవాళ తిరిగి రానేమో ఫాదర్ గారూ. ఏదో ఒక బస్సు ఎక్కేస్తానేమో. నా మీద నాకే నమ్మకం లేదు."

సిలువ మోయాలమ్మా అంటారనుకున్నాను. ఆయన, "అన్నం వండి ఉందా?" అన్నారు.

"ఉందండి."

"మెత్తగా కలిపి పెడతాను. పక్కకు తిప్పడానికి కాన్వెంటు సిస్టర్లను పిలిపించుకుంటాను. మీ ఆయన వచ్చేదాకా ఇక్కడే ఉంటాను. ఎక్కాలనుకుంటే ఎక్కు. రావాలనిపించినప్పుడు రా. నేను తలుపు వేయను."

విజయవాడ బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. వెళ్లిపోవచ్చు. ముసలావిడ పస్తు ఉండదు. ఫాదర్ గారు నన్ను ఎవరినీ తిట్టనివ్వరు కూడా. నిజంగానే వెళ్లిపోవచ్చని తెలిశాక, గుండె మీద బండ కాస్త జరిగినట్టయింది. డ్రైవరు వచ్చేలోపు దిగి ఇంటికి నడిచాను. ఆయన అదే కుర్చీలో, ఒళ్లో అన్నం పళ్లెంతో ఉన్నారు. తెల్లటి అంగీ నిండా పప్పు మరకలు. "వచ్చావా" అన్నారు, అంతే. ఆ తర్వాత కూడా నా ఇల్లు అదే, నా పని అదే. ఊపిరి మాత్రం ఆడేది. కొన్నేళ్లకు అత్తయ్య నా చేతుల్లోనే పోయారు. ఏడ్చాను, నాకే ఆశ్చర్యం వేసింది.

ఆయనకు మతిమరుపు ముదిరాక వయసు మళ్లిన గురువులు ఉండే ఇంటికి పంపారు. చూడ్డానికి వెళ్తే గదికి బయట గొళ్లెం పెట్టి ఉంది. "ఏం చేయమంటారమ్మా, మొన్న హైవే మీదికి నడిచి వెళ్లిపోయారు. లారీ అతను బ్రేకు వేయబట్టి సరిపోయింది" అంది అక్కడి సిస్టరు. ఆమె మాట సబబే. అత్తయ్య పడిపోకుండా మంచానికి అడ్డాలు పెట్టినదాన్ని, నేనేం అనగలను?

"మీరు కాసేపు వెళ్లి రండి సిస్టర్, నేను కూర్చుంటాను" అన్నాను. తలుపు బార్లా తీసి, గడప పక్కన కుర్చీ వేసుకున్నాను. ఆయన నన్ను గుర్తుపట్టలేదు. తలుపులోంచి బయటికే చూస్తూ కూర్చున్నారు. సిస్టరు తిరిగొచ్చాక ఇద్దరం బయటికొచ్చాం. ఆమె వీలైనంత మెల్లగా గొళ్లెం పెట్టింది. అయినా చప్పుడైంది. దాన్ని తీయించే దారి నాకు దొరకలేదు. వెళ్లిన ప్రతిసారీ ఆ చప్పుడు విని బస్సెక్కాను.

పోయాక ఆయన్ని తిరువూరు తీసుకొచ్చారు. మా కుర్రాళ్లు అలవాటు ప్రకారం శవపేటికను కాళ్లు పూజ చేసే పీఠం వైపు ఉండేలా దించారు. ఉపదేశి గారు పరుగున వచ్చారు. "అలా కాదయ్యా, అది మనకి. గురువులకు తల పీఠం వైపు ఉండాలి. బతికినన్నాళ్లూ మన వైపు తిరిగి పూజ చేశారు, ఇప్పుడూ మన వైపే ఉండాలి." నలుగురూ ఎత్తి పేటికను అటు తిప్పారు. తల కింద దిండు ఎత్తుగా ఉంది. తిప్పేసరికి ఆయన ముఖం సరిగ్గా పెద్ద తలుపులకు ఎదురుగా వచ్చింది.

వడగాలి కొడుతోందని ఎవరో తలుపులు వేయబోయారు. నేను లేచి, వరండాలోని ప్లాస్టిక్ కుర్చీ ఈడ్చుకొచ్చి, తలుపు రెక్కకు ఆనించి కూర్చున్నాను. "ఎండగా ఉందమ్మా" అన్నారు. "ఉండనీయండి" అన్నాను. పూజ అయ్యేదాకా, పేటిక మూత వేసేదాకా లేవలేదు. ఎదురుగా ఆయన. నా వెనక రోడ్డు. గంపలగూడెం బస్సు ఒకటి వచ్చి ఆగి, ఎవరి కోసమో కాసేపు చూసి, వెళ్లింది.