హాగ్డాల్ దంపతుల సున్నా

బర్క్ లేక్ ఊళ్ళో వెర్నర్ హాగ్డాల్ అంత గట్టిగా రాజకీయాలు మాట్లాడే మనిషి లేడు. పొద్దున్నే కాఫీ హోటల్లో కూర్చున్నాడంటే గవర్నర్ల దగ్గర్నుంచి చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు జల్లేవాళ్ళ వరకూ ఒక్కర్నీ వదలడు. అతనిది ఏ పార్టీయో మిన్నెసోటాలో ఆ మూల పుట్టిన దూడలకి కూడా తెలుసు. ఎవరికీ తెలియని సంగతి ఒక్కటే. పెళ్ళయిన నాటి నుంచీ వెర్నర్ ఒక్క ఓటు కూడా వెయ్యలేదు.

అందుకు కారణం భార్య లవాన్. ఆవిడది అవతలి పార్టీ. పెళ్ళయిన ఏడాది ఇద్దరూ ఓటెయ్యడానికి ట్రక్కులో బయల్దేరి దారి పొడుగునా పోట్లాడుకున్నారు. టౌన్ హాలు మలుపు దగ్గర లవాన్ బండి ఆపమంది.

"నువ్వొకటి వేస్తావు, నేను దాన్ని కొట్టేస్తాను. మిగిలేది సున్నా. ఈ సున్నా కోసం చలిలో నిలబడాలా? పద, ఆపిల్ పై తిందాం."

చేసిన పనే మళ్ళీ ఊడదీసుకోవడం వెర్నర్‌కి ఎప్పుడూ నచ్చదు. ఆ లెక్క అతనికి సబబుగానే తోచింది. ఆనాటి నుంచీ ప్రతి ఎన్నికల రోజునా ఇద్దరూ ఓటు మానేసి, పక్క ఊరి హోటలుకి వెళ్ళి, ఒకే ప్లేటులో రెండు ఫోర్కులతో ఆ తియ్యటి ఆపిల్ పై ముక్క ఒకటి తిని వచ్చేవారు. ఈ సంగతి బయటపడితే కాఫీ హోటల్లో వెర్నర్ మళ్ళీ నోరెత్తే పనిలేదు. నోరెత్తకుండా బతికే ఉపాయం అతనికి తెలియదు.

నోటి మాట ఎలా ఉన్నా చేతి పనికి మాత్రం ఎవరూ వంక పెట్టలేరు. ఇంటి పక్క గరాజులో గడ్డి కోసే యంత్రాలు, మంచు ఎగజిమ్మే యంత్రాలు, మోటారు రంపాలు బాగుచేస్తాడు. ఒకరి దగ్గర నేర్చుకున్న పని కాదు. విప్పి, పాడుచేసి, మళ్ళీ బిగించి తెలుసుకున్నది. ఇంజను దగ్గు విని జబ్బేమిటో చెప్పేస్తాడు. ఎవరి పనినీ నోరారా పొగడడు. ఎంత బాగున్నా "ఊఁ" అంటాడు. ఆ "ఊఁ" కోసం కుర్ర మెకానిక్కులు పక్క కౌంటీ నుంచి వచ్చేవారు.

ఆ ఆగస్టులో ఒక మధ్యాహ్నం వెర్నర్ ఎవరిదో మోటారు రంపానికి సానబట్టిన చైను ఎక్కిస్తున్నాడు. రేడియోలో వార్తలు వస్తున్నాయి. అతని పార్టీ గవర్నర్ అభ్యర్థి తన జోడీగా ఉపగవర్నర్ పదవికి మార్లిస్ టోఫ్టె అనే ఆవిణ్ణి ఎంచుకున్నాడట. ఆవిడ ఆవుల డెయిరీ నడిపిన మనిషి. పక్క కౌంటీయే.

"ఆడమనిషా!" అని వెర్నర్ రేడియో వైపు తిరిగి అరిచాడు. ఆ తర్వాత చేతుల పని చేతులది, నోటి పని నోటిది. రంపం బిగించడం అయిపోయినా తిట్టడం మాత్రం ఆగలేదు.

అసలు చిక్కు ఎక్కడుందంటే, మా రాష్ట్రంలో గవర్నరూ ఉపగవర్నరూ కలిసే నిలబడతారు. ఓటు కాగితం మీద రెండు పేర్లకీ కలిపి ఒకటే గుండ్రం. దాన్ని పెన్నుతో నింపితే ఇద్దరికీ ఓటు, లేకపోతే ఎవరికీ లేదు.

"సగం గుండ్రం నింపితే?" అని రాత్రి భోజనాల దగ్గర అడిగాడు.

"సగం రంపం బిగిస్తావా నువ్వు?" అంది లవాన్.

"ఊరికే అడిగాన్లే."

"ఓటెయ్యని మనిషికి గుండ్రాలతో ఏం పని?"

వెర్నర్ బంగాళాదుంప నమిలాడు.

మూడు వారాల తర్వాత ఒక రాత్రి టీవీలో ప్రకటన వచ్చింది. మార్లిస్ టోఫ్టె పనిచొక్కా తొడుక్కుని, మోటారు రంపంతో దుంగ కోస్తోంది. చుట్టూ పొగ. "పని తెలిసిన మనిషి" అని కింద పెద్దక్షరాలు.

వెర్నర్ కుర్చీలోంచి లేచిపోయాడు. "చూశావా! చైను తిరగేసి ఉంది!"

"ఏమిటి తిరగేసి ఉంది?"

"పళ్ళు వెనక్కి చూస్తున్నాయి. అది కొయ్యదు, రుద్దుతుంది. ఆ పొగ చూడు! రంపమే పట్టుకోవడం రానిది రాష్ట్రం పట్టుకుంటుందా?"

"పోయినసారి మీ పెద్దమనిషి ట్రాక్టరెక్కి ఫొటో దిగాడు. ముందు చక్రానికి గాలే లేదు. అప్పుడు నువ్వేమీ అనలేదే?"

"అది వేరు."

"ఎట్లా వేరు?"

"గాలి ఎవరి చక్రానికైనా పోతుంది."

"ఓహో. మగాడికి గాలి పోతుంది, ఆడదానికి పని రాదు."

"ఆడదని నేనన్నానా? నేను చైను గురించి మాట్లాడుతున్నాను!"

"నేనూ చైను గురించే మాట్లాడుతున్నానయ్యా," అని లవాన్ అల్లికలో తలదూర్చింది. అయితే ప్రకటన మళ్ళీ వచ్చినప్పుడు అల్లిక పక్కన పెట్టి మరీ చూసింది. వెర్నర్ అది గమనించలేదు.

కాఫీ హోటల్లో ఈ చైను కథకి మంచి గిరాకీ తగిలింది. రోజూ అడిగేవాడు డ్వేన్ స్కోగ్లండ్. వెర్నర్ బడినాటి స్నేహితుడు, కట్టెల వ్యాపారి.

"ఒరే వెర్నర్, ఆ చైను సంగతి ఇంకోసారి చెప్పరా. వీళ్ళు సరిగ్గా వినలేదంట."

వెర్నర్ కప్పు పక్కకి జరిపి, చేతులతో పళ్ళు ఎటు తిరిగి ఉండాలో చూపించి, "చిన్నపిల్లాడు కూడా చెయ్యని పనిరా అది! ఆ బిగించినవాడెవడో వాణ్ణి పట్టుకోవాలి ముందు!" అనేవాడు. ఆ మాట దగ్గరికి రాగానే బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వేవారు. కథ తాను అంత బాగా చెబుతున్నాననుకుని వెర్నర్ రోజుకింత ఉప్పూకారం చేర్చేవాడు.

చివరికి వెర్నర్ ఒక నిర్ణయానికి వచ్చాడు. ఈసారి ఓటు వెయ్యాలి, అదీ అవతలి పార్టీకి. లవాన్ ఎలాగూ వెయ్యదు కాబట్టి తనది నికరంగా మిగులుతుంది. భార్యతో ఒప్పందం తప్పడం కొంచెం గుచ్చుకుంది. కానీ ఆ పొగ గుర్తొచ్చి గుచ్చుకోవడం తగ్గింది.

ఎన్నికల రోజు పొద్దున పనిబట్టల్లోనే బయల్దేరాడు. "కార్బురేటర్ గాస్కెట్ కావాలి. పక్క ఊరెళ్ళొస్తా," అన్నాడు. అబద్ధమాడితే వెర్నర్ చెవులు ఎర్రబడతాయి. అందుకని టోపీ చెవుల మీదికి లాక్కున్నాడు.

"వెళ్ళు. నేను చర్చిలో దుప్పట్లు కుట్టేవాళ్ళ దగ్గరికి పోవాలి," అంది లవాన్, అతని మొహం చూడకుండా. "మధ్యాహ్నం ఆపిల్ పై తినడానికి మాత్రం ఆలస్యం చెయ్యకు."

ఎవరి కంటా పడకుండా వెర్నర్ ట్రక్కుని టౌన్ హాలు వెనక పెట్టాడు. లోపల బల్ల దగ్గర ఆర్డిస్ కూర్చుని ఉంది. చర్చిలో ఆర్గన్ వాయిస్తుంది, ఎన్నికల రోజున ఇక్కడ పేర్లు చూస్తుంది. రెండు చోట్లా ఒక్క తప్పు కూడా సహించదు.

"హాగ్డాల్... హాగ్డాల్..." అని వేలితో పైకీ కిందికీ చూసింది. "వెర్నర్, నీ పేరు లేదు."

"సరిగ్గా చూడు."

"సరిగ్గానే చూశాను. ఏళ్ళ తరబడి ఓటెయ్యకపోతే పేరు తీసేస్తారు." తలెత్తింది. "నువ్వు వెయ్యకపోవడమేమిటి?"

ఆవిడ గొంతు చర్చి చివరి వరసకి వినపడే గొంతు. వెర్నర్ వెనక నిలబడ్డ మనిషి గట్టిగా ఈల వేశాడు. తిరిగి చూడనక్కర్లేదు, డ్వేనే.

"ఏంట్రా ఇది! మా చెవులు చిల్లులు పడేలా మాట్లాడి ఓటే వెయ్యలేదా నువ్వు?"

"నోర్ముయ్ రా."

"నేనా ముయ్యాల్సింది?"

"ఇప్పుడు కూడా చేర్చుకోవచ్చులే," అంది ఆర్డిస్. "డ్రైవింగ్ లైసెన్సు ఇలా ఇవ్వు."

వెర్నర్ జేబులు తడుముకున్నాడు. స్పార్కు ప్లగ్గు ఉంది, పానా ఉంది. పర్సు ఇంట్లో మంచి ప్యాంటులో ఉంది.

"అయితే ఈ వార్డు ఓటరు ఎవరైనా నువ్విక్కడే ఉంటున్నావని ప్రమాణం చెయ్యాలి."

"ఎందుకు చెయ్యన్రా, చేస్తాను," అన్నాడు డ్వేన్. "కానీ నేను ఊరవతలి వార్డుకి మారిపోయాగా. మా ఆవిడకి ఇవాళ ఇక్కడ ఎన్నికల డ్యూటీ, దించడానికొచ్చా. అయ్యయ్యో!" అతని మొహంలో అయ్యయ్యో ఎక్కడా లేదు.

సరిగ్గా అప్పుడే గుడ్డ తెర పక్కకి జరిపి లవాన్ బయటికొచ్చి, ఓటు కాగితాన్ని మిషనులోకి తోసింది. కోటు మీద "నేను ఓటేశాను" అనే ఎర్ర చీటీ అప్పుడే అంటించుకుంటోంది. మొగుణ్ణి చూసి చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"దుప్పట్లు ఇక్కడ కుడుతున్నారా?" అన్నాడు వెర్నర్.

"గాస్కెట్లు ఇక్కడ అమ్ముతున్నారా?" అంది లవాన్.

ఇద్దరూ కిటికీ పక్కకి వెళ్ళి గుసగుసలాడుకున్నారు.

"ఎవరికేశావు?"

"మీ వాళ్ళకే. ఆ మార్లిస్ ఉందిగా. ఇన్నేళ్ళకి ఒక్కసారైనా వెయ్యాలనిపించి పోయిన నెలే పేరు చేర్పించుకున్నాను. నువ్వు?"

"మీ వాళ్ళకి వేద్దామని వచ్చాను. ఆ మార్లిస్ ఉందిగా."

లవాన్ కాసేపు ఆలోచించింది. "అంటే నా ఓటు కొట్టెయ్యడానికి నీకు నా ప్రమాణమే కావాలి."

"అంతే అనుకుంటా."

ఆవిడ నవ్వు ఆపుకుంటూ వచ్చి ఆర్డిస్ ముందు కుడి చెయ్యెత్తింది.

"ఈ మనిషి మీ ఇంట్లోనే ఉంటున్నాడా?" అంది ఆర్డిస్.

"తిండికొస్తాడు, పడుకోడానికొస్తాడు. మిగతా పొద్దంతా గరాజులో ఉంటాడు. గరాజుకి వేరే నంబరు లేదు కదా?"

"లేదు."

"అయితే ఉంటున్నాడు."

హాల్లో అందరూ నవ్వారు. వెర్నర్ పరువు ఎలాగూ పోయింది కాబట్టి కాగితం అందుకుని తెర వైపు నడిచాడు. డ్వేన్ అతని భుజం పట్టుకున్నాడు.

"ఒరే, లోపలికెళ్ళే ముందు ఒక్క మాట. నవ్వీ నవ్వీ అలిసిపోయాం, ఇంక దాచలేను. టీవీలో ఆ రంపం నాది."

"నీదా?"

"మా కట్టెల దొడ్లోనే తీశారు. ఆ వారమే నీ గరాజు నుంచి తెచ్చాను. చైను ఎక్కించింది ఎవరనుకుంటున్నావు?"

వెర్నర్‌కి ఆ మధ్యాహ్నం, ఆ రేడియో, చేతిలో తిరుగుతున్న పానా గుర్తొచ్చాయి. కాఫీ హోటల్లో నవ్వులన్నీ ఎందుకో కూడా అర్థమయ్యాయి.

"ఆవిడ రెండుసార్లు రుద్ది ఆపేసింది," అన్నాడు డ్వేన్. "తనే పానా అడిగి చైను తిప్పి ఎక్కించింది. తర్వాత దుంగని వెన్నలా కోసింది. పొగ బాగుందని టీవీవాళ్ళు ముందుదే వాడుకున్నారు. ఎవరు బిగించారని అడిగితే నీ పేరు చెప్పాను. 'ఊళ్ళో అనకండి, పాపం గిరాకీ పోతుంది' అంది. నేనూ ఎవరికీ చెప్పలేదురా. కాఫీ హోటల్లో తప్ప."

వెర్నర్ ఒక్కటే అడిగాడు. "తిప్పాక బిగువు చూసిందా?"

"చూసింది. చేత్తో లాగి చూసి మరీ బిగించింది."

"ఊఁ," అన్నాడు వెర్నర్.

తెర లోపల చాలాసేపే ఉన్నాడు. బయటికొచ్చి కాగితాన్ని మిషనులోకి తోసి, ఎర్ర చీటీ టోపీకి అంటించుకుని, తిన్నగా వెళ్ళి ట్రక్కెక్కాడు.

మధ్యాహ్నం పక్క ఊరి హోటల్లో ఎప్పటి బల్ల దగ్గరే కూర్చున్నారు. వెర్నర్ అలవాటు కొద్దీ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"అయితే ఈసారి కూడా సున్నాయేనన్నమాట," అంది లవాన్.

"సున్నాయే," అన్నాడు వెర్నర్ కిటికీలోంచి బయటికి చూస్తూ.

లవాన్ అతని చెవుల వంక చూసింది. అవి మిరపపళ్ళలా ఉన్నాయి.

వడ్డించే అమ్మాయి ఎప్పటిలాగే ఒక ముక్క, రెండు ఫోర్కులు తెచ్చి మధ్యలో పెట్టింది.

"ఇంకో ముక్క తేమ్మా," అంది లవాన్. "వేరే ప్లేటులో."