స్కూలు వ్యాను డ్రైవరు కేసు

రాజాం దగ్గర స్కూలు వ్యాను కాలువలో పడి ముగ్గురు పిల్లలు చనిపోయారు. డ్రైవరు తరఫున ఎవరూ వాదించకూడదని మా న్యాయవాదుల సంఘం తీర్మానించింది. చేతులెత్తినవాళ్లలో నేను లేను. ధైర్యం కాదు, ఆ రోజు ఊళ్లో లేను.

కొద్దిరోజులకు డ్రైవరు భార్య ఆమదాలవలసలో రైలెక్కి విజయనగరం వచ్చింది. అప్పటికే చాలామంది వకీళ్లు కాదన్నారట. ఆమె ఏడవలేదు. మా వరండాలో కూర్చుని మంచినీళ్లు తాగి, ఆయన చెప్పేది ఎవరో ఒకరు వినాలి కదా అంది. కాదనడానికి నాకు కారణం దొరకలేదు.

జైల్లో ఆయన నన్ను చూసి సంతోషించలేదు.

"పిల్లలు నా సేతిలో పోనారు. ఇంక మీరు సెప్పడానికి ఏటున్నాదమ్మా? ఒగ్గీయండి," అన్నాడు.

ఎందుకు పోయారో ఇంతవరకూ మిమ్మల్ని ఎవరూ అడగలేదు కదా అన్నాను. అప్పుడు చెప్పడం మొదలుపెట్టాడు. బ్రేకు సరిగా పడటం లేదని యజమానికి ముందే చెప్పాడట. దసరా సెలవుల్లో చేయిద్దాం, అంతవరకూ నెమ్మదిగా నడుపు అన్నాడట యజమాని.

కేసు నడిచినంత కాలం తోటి వకీళ్లు నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. కూతుర్ని పోగొట్టుకున్న ఒక తండ్రి, రాజాంలో టైలరు, ప్రతి వాయిదాకూ వచ్చేవాడు. నేను ఎదురైతే ముఖం తిప్పుకునేవాడు. అది నాకు సబబుగానే తోచేది.

బండిని పరీక్షించిన బ్రేక్ ఇన్‌స్పెక్టర్ని నేను ఒకటే విషయం తిప్పితిప్పి అడిగాను. బ్రేకు గొట్టం ప్రమాదంలో తెగలేదనీ, అంతకుముందే తుప్పుపట్టి చిల్లుపడిందనీ ఆయన చివరికి ఒప్పుకున్నాడు. టైలరు ఆ రోజు మొదటిసారి నావైపు చూశాడు.

నరహత్య అభియోగం నిలవలేదు. నిర్లక్ష్యానికి శిక్ష పడింది. అప్పీలు వద్దన్నాడు డ్రైవరు.

తీర్పు వచ్చిన కొన్నాళ్లకు టైలరు మా ఇంటికి వచ్చాడు.

"ఆ ఓనరు మీద కేసెయ్యాలమ్మా. మీరే ఎయ్యాలి. మీరు అడగబట్టే కదా మాకు తెలిసినాది," అన్నాడు.

వేయలేనని చెప్పాను. ఆ కేసులో డ్రైవరు తప్పు కూడా మళ్లీ చర్చకు వస్తుంది, అతని తరఫున నిలబడినదాన్ని ఇటు రాలేను. మరో వకీలు దగ్గరికి పంపాను. వెళ్లబోతూ ఆగి, "ఆడొచ్చి సాచ్చికం సెప్తాడేటి?" అని అడిగాడు. ఏమో, అడిగి చూడమన్నాను.

అడిగారు. కేసు విచారణకు వచ్చిన రోజు పోలీసులు అతన్ని జైలు నుంచి కోర్టుకు తీసుకొచ్చారు. నేను వెనక బెంచీలో కూర్చుని విన్నాను.

"బ్రేకు బాగోలేదని సెప్పినాను బాబూ. సెప్పి, మళ్లీ అదే బండి తోలినాను," అన్నాడు డ్రైవరు. యజమాని తలెత్తలేదు. తరువాత అతనికీ శిక్ష పడింది.

ఆ రోజు సాక్ష్యం అయ్యాక కోర్టు వరండాలో టైలరు, డ్రైవరు ఎదురెదురుగా నిలబడి కనిపించారు. ఏమైనా మాట్లాడుకున్నారో లేదో తెలియదు. పక్క హాల్లో నా కేసు పిలిచారు, వెళ్లిపోయాను.