ఎనిమిదిలో నడిమి గీత

కారంపూడి బస్టాండు పక్కన రేడియోలు, మిక్సీలు, చార్జర్లు బాగుచేసే యోబు తన భార్యను సమాధి చేసిన రోజున సంఘమంతా కలిసి పెళ్లిపాట పాడింది. మధ్యలో ఆపకుండా, శ్రుతి చెడకుండా పాడింది. ఇదేం పాట అని అడగాలని ఒక్కరికీ అనిపించలేదు. మనవాళ్లంతే, సందేహం వస్తే ఇంకాస్త గట్టిగా పాడతారు.

ఇదెలా జరిగిందో తెలియాలంటే ముందు యోబు గొంతు సంగతి తెలియాలి. ముప్పై ఏళ్లపాటు వాళ్ల చర్చిలో పాట ఎత్తుకున్నది అతనే. ఏడేళ్ల కిందట గొంతులో కంతి లేస్తే గుంటూరులో ఆపరేషను చేసి స్వరపేటిక తీసేశారు. ప్రాణం మిగిలింది, మాట పోయింది. అయినా ఏ ఆదివారం ఏ పాట పాడాలో ఎంచే పని మాత్రం అతని దగ్గరే ఉండిపోయింది. పురుగుమందుల కొట్టు బాలకోటయ్య పాత సామాన్లలో పడేసిన పెద్ద కాలిక్యులేటర్ ఒకదాన్ని బాగుచేసుకున్నాడు. అరచేతిలో పట్టుకుని పాట నంబరు నొక్కి, పలకలా జనం వైపు తిప్పేవాడు. ముందు వరసలో కూర్చున్న భార్య ఆరోగ్యమ్మ ఆ నంబరు పైకి చెప్పేది. మిగతావాళ్లు తలెత్తకుండా పుస్తకాలు తిప్పుకునేవాళ్లు.

కాగితం మీద రాసి చూపించొచ్చు కదా అని తెలివైనవాళ్లు కొందరు అన్నారు. ఆరోగ్యమ్మకు చదువు రాదు. కష్టపడి నేర్చుకున్నవి అంకెలొక్కటే, అవి కూడా ఆ మిషను మీద మూలలు తిరిగి కనబడే అంకెలే. ఇక యోబు చేతిరాత డాక్టరు చీటీ కన్నా హీనం.

ఫిబ్రవరిలో ఆరోగ్యమ్మ మిరప కోతకు వెళ్లి, గట్టు మీద నీళ్లు తాగుతూ కూలబడింది. ఆటో వచ్చేలోపే అంతా అయిపోయింది.

సమాధి దగ్గర యోబు రెండు వందల పద్దెనిమిది నొక్కాడు. తాను పోతే ఆ పాట పాడించమని ఆమె ఎన్నోసార్లు అడిగింది. నొక్కింది తనకు తెలుసు కనక, ఎప్పటిలాగే అంకెలు కనబడే అద్దం వంక చూసుకోకుండా తిప్పి చూపించాడు. సంఘపెద్ద స్టీఫెన్ కళ్లజోడు సవరించుకుని రెండు వందల పది అని చదివాడు. అది పెళ్లిపాట. యోబు చెయ్యి ఊపాడు, తల అడ్డంగా ఊపాడు. పాపం, దుఃఖం ఆపుకోలేకపోతున్నాడని ఇద్దరు వచ్చి అతని భుజాలు పట్టుకున్నారు. కూతురు నిస్సీ పెట్టె మీద పడి ఉంది, ఆమెకు ఏ పాటా చెవికెక్కలేదు.

ఆ సాయంత్రం స్టీఫెన్ ఇంటికొచ్చి, పరలోకానికి పోయేదాన్ని పెళ్లికూతురిలా సాగనంపావు, అంత విశ్వాసం నాకు లేదన్నా అని మెచ్చుకుని వెళ్లాడు. యోబుకు కోపం రాలేదు. ఏడుపూ రాలేదు. పెట్టింది తిన్నాడు, పడుకోమంటే పడుకున్నాడు. పన్ను పీకే ముందు మత్తుసూది వేస్తే దవడ ఎలా ఉంటుందో మనిషంతా అలా ఉన్నాడు. తెలిసింది ఒక్కటే. శుక్రవారం చర్చిలో ఆదరణ కూడిక, పోయినవాళ్ల ఇంటివాళ్లను ఓదార్చే ప్రార్థన. ఆ రోజైనా ఆమె అడిగిన పాట ఆమెకు పాడించాలి. అది కూడా చేయలేకపోతే ముప్పై నాలుగేళ్లు కాపురం చేసి ఏం లాభం?

నాదెండ్లలో టీచరుగా పనిచేసే నిస్సీ తండ్రికి తోడుగా ఆగిపోయింది. పాట నంబరు తనే చెబుతానని, ఆ మిషను ఇక పక్కన పెట్టమని అంది. యోబు వినలేదు. తప్పు చెప్పిన మిషనే ఒప్పు చెప్పాలని పట్టుబట్టాడు.

బుధవారం కొట్టు తెరిచాడు. పలకరించిన వాళ్లకు తలూపి కాలిక్యులేటర్ మరలు విప్పాడు. వరసగా ఎనిమిదులు నొక్కితే చిట్టచివరి ఎనిమిదికి నడిమి గీత లేదు. ఆ గీత పోతే రెండు, మూడు లాంటి అంకెలు కుంటుతూ కనబడతాయి. ఎనిమిది మాత్రం నిండు సున్నా అయి కూర్చుంటుంది. ఎవరికీ అనుమానం రాదు.

అద్దం కింద రబ్బరు పట్టీ, దాని కింద గీతకొకటి చొప్పున రాగి చుక్కలు. అన్నీ స్పిరిటు పెట్టి తుడిచాడు. ఒక చుక్క మీద పచ్చటి చిలుము పోలేదు. బ్లేడుతో గీరితే అడుగున రాగే లేదు, చిలుము మొత్తం తినేసింది. ఇన్నేళ్లుగా ఇలాంటివి చూసిన కన్ను, చూడగానే చెప్పగలదు. ఇది నిన్నా మొన్నా పట్టింది కాదు. పోయిన ఏడాది ఈస్టరుకు వారం ముందొచ్చే మట్టల ఆదివారం ముందు సెల్లు కారితే పైపైన తుడిచి కొత్తవి వేశాడు. అప్పటిది.

యోబు బ్లేడు కింద పెట్టాడు. అంటే ఏడాదిగా ఈ మిషను ఎనిమిదిని సున్నాగానే చూపిస్తోంది. కానీ ఈస్టరుకు ముప్పై ఎనిమిది పెడితే ముప్పై ఎనిమిదే పాడారు. క్రిస్మస్‌కు నూట ఎనిమిది పెడితే నూట ఎనిమిదే పాడారు.

మధ్యాహ్నం నిస్సీ అన్నం తెచ్చింది. మీ అమ్మ ఎలా చదివింది అని చీటీ మీద రాసి చూపించాడు. ఆమె క్యారేజీ మూత పక్కన పెట్టింది.

"అమ్మకు తెలుసు నాన్నా. మీటల్లో ఎనిమిది పైన ఉంటది, సున్నా అడుగున ఉంటది. నీ బొటనేలు ఎటు పోతందో చూసి చెప్పేది. క్రిస్మస్‌కు వచ్చినప్పుడు నేనే పట్టుకున్నా."

నాకెందుకు చెప్పలేదు అని రాశాడు.

"ఊళ్లో మిషన్లన్నీ బాగుచేసే మనిషి, సొంత మిషన్ చెడిందంటే చిన్నబోతాడే, నేనున్నాగా, నువ్వు చెప్పమాక అంది. నేనన్నా చెప్పాల్సింది నాన్నా."

అప్పుడైనా యోబుకు ఏడుపు రావాలి. రాలేదు. చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు, అన్నం తిన్నాడు, చేతులు కడుక్కున్నాడు. పాత చార్జరు వైరులోంచి వెంట్రుకంత రాగి పోగు లాగి, చుక్క ఉండాల్సిన చోట సోల్డరింగ్ పెట్టి అతికించాడు. ఎత్తు లేకుండా ఆకురాయితో నునుపు చేసి, పట్టీ సర్ది మరలు బిగించాడు. ఎనిమిది నొక్కితే నడిమి గీత నల్లగా, నిండుగా లేచింది.

శుక్రవారం చర్చి నిండింది. పాస్టరు ప్రార్థన ముగించి యోబు వైపు తిరిగాడు. యోబు రెండు, ఒకటి, ఎనిమిది నొక్కి జనం వైపు తిప్పాడు. రెండు వందల పద్దెనిమిది అని స్టీఫెన్ తడుముకోకుండా చదివాడు. పుస్తకాలు గలగలా తిరిగాయి, ఆరోగ్యమ్మ అడిగిన పాట మొదలైంది. అందరూ అద్దాన్నే చూశారు. అతని బొటనవేలి వంక ఎవరూ చూడలేదు. ఇక చూడాల్సిన పని లేకుండా తన చేతులతో తనే చేసుకున్నాడు.

యోబు మోకాళ్ల మీద కూలబడి ఏడ్చాడు. గొంతు లేని మనిషి ఏడుపు బయటికి వినబడదు. పాట సాగుతూనే ఉంది.