ఒత్తు లేని బీమా

బీమా ఏజెంటు కాకముందు ఆయన తెలుగు మాస్టారు. ఎక్కడ అక్షరం తప్పు కనబడినా ఒళ్ళు మండిపోయేది కాబట్టి వీధంతా ఆయన్ని ఒత్తుల మాస్టారు అనేది. గడపగడపా తిరిగి చెప్పులు అరిగిపోయాక, కోడలి పోరు పడలేక, ఇంటర్నెట్‌లో ప్రకటనకి ఒప్పుకున్నారు.

"జనం ఏ మాట కొట్టి వెతుకుతారో ఆ మాటకి మన ప్రకటన పైన కనిపిస్తుంది మావయ్యా. దాన్ని నొక్కితేనే మనకి ఖర్చు" అంటూ కోడలు "జీవిత భీమా" అని టైపు చేసింది.

మాస్టారు అంతెత్తున లేచారు. "బీమాకి ఒత్తేమిటమ్మా? ఇది ఇన్సూరెన్సా, గదాయుద్ధమా? తీసెయ్!"

కోడలు ఒత్తు తీసేసింది.

వారం గడిచినా ఫోను ఉలకలేదు, పలకలేదు. పాడైందేమోనని కోడలి ఫోను నుంచి తన నెంబరుకి తనే చేసి చూసుకున్నారు. శుభ్రంగా మోగింది.

"జనమంతా ఒత్తు పెట్టే వెతుకుతున్నారు మావయ్యా. ఆ మాట కూడా చేర్చనా?"

"నీ ఇష్టం. నేను మాత్రం చూడను" అని ఆయన గోడవైపు తిరిగి కూర్చున్నారు.

మర్నాడు పొద్దున్నే ఫోను మోగింది. "భీమా ఏజెంటు గారేనా అండీ?" అవతలి మనిషి 'భీ'ని గట్టిగా ఒత్తి మరీ పలికాడు.

దిద్దుబాటు మాస్టారి నాలుక చివరిదాకా వచ్చేసింది. గుమ్మంలో కోడలు ఊపిరి బిగబట్టింది. ఆయన గుటక మింగి, గుండెల నిండా గాలి పీల్చుకుని, అవతలి మనిషి కంటే గట్టిగా ఒత్తి పలికారు.

"భీమా ఏజెంటునేనండీ! చెప్పండి!"