గురువారం చల్లిన సబ్బునీళ్ళు

ఎమ్మిగనూరు అవతల కాలువ వెంబడి గుంట తవ్వి చేపపిల్లలు పెంచడం మొదలుపెట్టింది ఉరుకుందప్పే. పదిహేనేళ్ళు ఎవరి చెరువులో పిల్ల వదలాలన్నా ఆయన దగ్గరికే రావాలి. పోయిన ఏడు పక్క పొలంలో దేవరాజు గుంట తవ్వాడు. పని నేర్పింది ఉరుకుందప్పే. ఇప్పుడు ఆస్పరి నుంచి వచ్చినవాళ్ళు ఆయన గట్టు మీద నిలబడి, "దేవరాజు గుంట యాడప్పా?" అని ఆయన్నే అడుగుతున్నారు. ఒళ్ళు మండదా మరి? మనిషికి అన్నం కూడా సయించడం లేదు.

ఈ ఏడు దేవరాజు గుంటకు శుక్రవారం పిల్లలు దిగుతున్నాయని తెలిసింది. వాడికంటే ఒక్కరోజు వెనకబడినా తల కొట్టేసినట్టేనని ఉరుకుందప్ప కూడా శుక్రవారానికే పిల్లల్ని పంపమని చెప్పాడు. అక్కడే వచ్చింది చిక్కు. గుడ్డులోంచి అప్పుడే బయటపడ్డ పిల్లలు వెంట్రుకంత సన్నం. నీటిపురుగులు వాటిని పట్టి పీల్చేస్తాయి. అందుకని ముందురోజే సబ్బునీళ్ళలో నూనె కలిపి చల్లితే పురుగులు ఊపిరాడక చస్తాయి. ముందురోజంటే గురువారం. ఉరుకుందప్పది మంత్రాలయం స్వామికి మొక్కుకున్న ఇల్లు, స్వామి వారమని ఆ రోజు చీమను కూడా చంపరు. దేవరాజు ఇంట్లోనూ అదే పట్టింపు.

"బుధవారమే సల్లుదామనుకుంటాండా అన్నా. ఏమంటావు?" అని అడిగాడు దేవరాజు.

స్వామి వారం అన్ని ప్రాణాలు తీస్తే వీడి గతి ఏమవుతుందో చూడాలనిపించింది ఉరుకుందప్పకు. "గురువారమే సల్లప్పా. పనికి వారమేంది? నేనూ ఆపొద్దే సల్లుతా," అన్నాడు ఎటో చూస్తూ.

తాను మాత్రం బుధవారమే గప్‌చిప్‌గా చల్లేశాడు. ఆ సాయంత్రం వాన పడింది. వానతో పాటు ఎక్కడెక్కడి పురుగులో ఎగిరొచ్చి మళ్ళీ నీళ్ళలో వాలాయి. గురువారం ఆయన వాటిని కళ్ళారా చూశాడు. మొక్కు గుర్తొచ్చి చేతులు కట్టుకున్నాడు. అవతల దేవరాజు సబ్బునీళ్ళు చల్లుతుంటే మాత్రం కడుపు చల్లబడింది.

శుక్రవారం ఇద్దరూ పిల్లల్ని వదిలారు. సోమవారం గుడ్డ వల లాగితే ఉరుకుందప్పకు దక్కింది బలిసిన పురుగులే. అంతలో దేవరాజు పరుగున వచ్చాడు. "నీ పుణ్యమన్నా! మొక్కు తప్పుతాండానని భయమేసినా, నీ మాట మింద సల్లినా. పిల్లలన్నీ బతికినాయి. నీవెట్లుండాయి?"

ఉరుకుందప్ప వంగి వల దులపసాగాడు. ఆయన భార్య పుష్ప అందుకుంది. "ఏముండాయప్పా, అన్నీ పోయినాయి. ఈయన బుధవారమే సల్లినాడు. గురువారం మేం పురుగును సంపం గదా!"

దేవరాజు వలలోని పురుగుల్ని చూసి, ఆయన ముఖంలోకి చూశాడు.

"ఈపొద్దు సోమవారమే గదన్నా, పురుగుల్ని సంపు. రేపొచ్చి నా గుంటలో సగం పిల్లల్ని పట్టుకపో," అని వెళ్ళిపోయాడు.

వాడికున్న ఆ మనసు చూసి కూడా ఉరుకుందప్పకు కడుపు మండింది.