అమ్మ రుచి చూడని రొట్టె

ఆదివారం అనగానే అందరికీ సెలవు గుర్తొస్తుంది. నాకు మైదాపిండి గుర్తొస్తుంది. తెల్లారకముందే లేచి, నడుం పట్టేసినా స్నానం చేసి, పొయ్యి వెలిగించి, మా చర్చి సంఘానికి రొట్టె చెయ్యాలి. ఈ పని ఇంకెవరైనా తీసుకుంటే బాగుండునని వారం వారం అనుకుంటాను. ఎవరూ అడగరు. అడిగినా ఇస్తానో లేదో నాకే తెలీదు.

మా ఊరు పాలకొల్లు దగ్గర, కాలవ గట్టు మీద. మా సంఘంలో ప్రతి ఆదివారం రొట్టె విరిచేవారు. కోసిన ముక్కలు కాదు, ఒకటే రొట్టె. పళ్ళెంలో చేతులు మారుతూ వస్తే, బాప్తిస్మం తీసుకున్నవాళ్ళు తలా కాస్త తుంచుకుంటారు. అందరూ ఒకే రొట్టెలో పాలివాళ్ళు కనుక అందరూ ఒకే శరీరమని దాని అర్థం. ఆ రొట్టె మా అమ్మ చేసేది. మైదా, నీళ్ళు, చెంచాడు నూనె, చిటికెడు ఉప్పు, అంతే. పులియబెట్టేదేదీ పడకూడదు.

అమ్మకి ఇంకో నియమం ఉండేది. ప్రభువు బల్ల మీదికి వెళ్ళే రొట్టెని ముందు రుచి చూడకూడదు. ఇది ఏ వాక్యంలో ఉందో నాకింతవరకూ దొరకలేదు. పక్కింటివాళ్ళ నైవేద్యం దగ్గర్నించి గోడ దాటి మా ఇంట్లోకి వచ్చిందని నా అనుమానం. ఎన్నేళ్ళు చేసినా అమ్మకి ఉప్పు అంచనా మాత్రం కుదరలేదు. బల్ల దగ్గర ముక్క నోట్లో పెట్టుకున్నాకే తెలిసేది. ఇంటికొచ్చే దారిలో, "ఈవేళ ఉప్పెక్కువైంది కదే" అని తెగ నొచ్చుకునేది.

మేం మూడుపూటలా అన్నం తినేవాళ్ళం. మా వైపు రొట్టె అంటే జ్వరమొచ్చినవాళ్ళు పాలల్లో ముంచుకుని తినేది. వాక్యం చదివేటప్పుడు జీవపు రొట్టె అన్న మాట వస్తే నాకు మందుల వాసన వేసేది. చిన్నప్పుడు, ఆరాధనలో పెద్దవాళ్ళంతా రొట్టె తింటుంటే వీళ్ళందరికీ ఏం జబ్బు చేసిందా అనుకునేదాన్ని. అమ్మకి చెప్తే పకపకా నవ్వి, "జబ్బేనే, అందుకే తింటున్నాం" అంది.

నేను ఇంటర్ రెండో ఏడు చదువుతున్నప్పుడు, తొంభైల్లో, ఒక వానాకాలం మా రోడ్డు మునిగి బస్సులు ఆగిపోయాయి. పక్కింటి మామ్మగారికి టైఫాయిడ్. రోజూ శివుడికి దీపం పెట్టనిదే మంచినీళ్ళు ముట్టని మనిషి. అన్నం పెట్టొద్దు, పాలూ రొట్టే ఇవ్వమన్నాడు డాక్టరు. ఆవిడ కోడలు ఊళ్ళో ఉన్న కొట్లన్నీ తిరిగినా రొట్టె దొరకలేదు.

ఆరాధనలో మిగిలిన రొట్టె పారేయకూడదు. చేసినవాళ్ళే ఇంటికి తీసుకెళ్ళి తినెయ్యాలి. బాప్తిస్మం లేనివాళ్ళకి పెట్టకూడదు. ఆ ఆదివారం సగం రొట్టె మిగిలింది. అమ్మ దాన్ని పట్టుకుని తిన్నగా పక్కింట్లోకి వెళ్ళి, గోరువెచ్చటి పాలల్లో ముంచి, చెంచాతో మామ్మగారికి తినిపించింది. మూడ్రోజుల తర్వాత ఆవిడ కడుపులో నిలిచిన తిండి అదే. అమ్మ ఎవరికీ చెప్పలేదు. మామ్మగారే సంతోషం పట్టలేక, లేచి కూర్చోగానే వీధంతా చెప్పుకుంది.

బుధవారం సంఘ పెద్ద మా ఇంటికొచ్చారు. చెడ్డమనిషి కాదు. భయస్తుడు.

"ఏమ్మా, ప్రభువు శరీరాన్ని పాలల్లో ముంచి అన్యులకి పెట్టావా?"

"ఆకలితో ఉందండి" అంది అమ్మ.

"సంఘం ముందు నిలబడి తప్పయిందని ఒప్పుకో. ఒప్పుకునేదాకా వెనక కూర్చోవాలి. బల్లలో చెయ్యి వెయ్యకూడదు, రొట్టె తుంచుకోకూడదు."

అమ్మ సరేనంది, టీ ఇచ్చింది. ఆయన తాగి, గుమ్మం దిగి, మళ్ళీ వెనక్కి తిరిగారు. "రొట్టె మాత్రం నువ్వే చెయ్యమ్మా. ఇంకెవరికీ కుదరదు."

ఆ మాట తల్చుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. తనని శత్రువులకి అప్పగించబోయే శిష్యుడికి కూడా ప్రభువు రొట్టె ముక్క ముంచి ఇచ్చాడని ఆయనతో అనాల్సింది. అప్పుడు తట్టలేదు. తట్టినా అనేంత ధైర్యం నాకు లేదు.

నాకు బాప్తిస్మమై అప్పటికి నెల కూడా కాలేదు. తర్వాతి ఆదివారం ఆడవాళ్ళ చాపల మీద ముందు వరసలో నేనూ, తలుపు పక్కన చివరి చాప మీద అమ్మా. పళ్ళెం నా దగ్గరికొచ్చింది. అమ్మ చేసిన రొట్టె. ఒక ముక్క కొంగులో దాచి అమ్మకి ఇద్దామనిపించింది. తుంచుకుని తినేశాను. ఉప్పు కషాయంలా ఉంది.

ఇంటికొచ్చే దారిలో అమ్మ అడిగింది. "ఉప్పు సరిపోయిందా?"

"సరిపోయింది" అన్నాను. ఆ పూట ఆవిడ నెత్తిన ఇంకో తప్పు పెట్టబుద్ధి కాలేదు.

అప్పట్నించీ మిగిలిన రొట్టె కూడా మా ఇంటికి రాలేదు, పెద్దగారింటికే వెళ్ళేది. అలా ఏడేళ్ళు. తను చేసిన రొట్టె ఎలా ఉందో అమ్మకి తెలియాలంటే నేను చెప్పాల్సిందే. ప్రతి ఆదివారం అదే దారి, అదే ప్రశ్న. ఎక్కువైనా, తక్కువైనా, నాది ఒకటే జవాబు. నాకు విసుగొచ్చేది. ఒకరోజు ఉండబట్టలేక, "తప్పయిందని ఒక్క మాట అనేస్తే పోతుంది కదమ్మా" అన్నాను.

"అనెయ్యొచ్చే. పక్కింట్లో ఆవిడ వింటుంది కదా. తనకి పెట్టిన తిండి పాపమైందని తెలిస్తే ఆ ముసలి ప్రాణం ఏమైపోతుంది?"

ఇంక నేనెప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

ఏడో ఏట మామ్మగారు పోయారు. ఆ వెనకే అమ్మ మంచం పట్టింది. రొట్టె పని నా మీద పడింది. ఒక ఆదివారం అమ్మని వదిలి కదలలేక, రొట్టె చేసి పంపించి నేను ఇంట్లో ఉండిపోయాను. ఆరాధన అయ్యాక పెద్దగారు వచ్చారు. ఆయనా బాగా ముసలాయనైపోయారు, చేతికర్ర పట్టుకుని మెట్టెక్కడానికే రొప్పుతున్నారు. చిన్న స్టీలు గిన్నెలో తెల్ల గుడ్డ కప్పి రొట్టె తెచ్చారు.

ఆయన్ని చూసి అమ్మ, "తప్పయిందని ఇప్పుడు చెప్పమంటే చెప్తానండి. వినేవాళ్ళు లేరుగా" అంది.

ఆయన కర్ర గోడకి ఆనించారు. "వద్దమ్మా. నాకూ ఓపిక లేదు" అన్నారు. రొట్టె తుంచి, ప్రార్థన చేసి, అమ్మ నోట్లో పెట్టారు.

అమ్మ నెమ్మదిగా నమిలింది. ఏడేళ్ళ తర్వాత మొదటిసారి. నాకు ఏడుపొచ్చేస్తోంది. "ఉప్పు సరిపోయిందా అమ్మా?" అన్నాను.

"సరిపోయిందే" అని కళ్ళు మూసుకుంది.

పెద్దగారు వెళ్ళాక, గిన్నెలో మిగిలిన ముక్క నేను నోట్లో వేసుకున్నాను. చప్పగా ఉంది. పొద్దున్న హడావిడిలో అసలు ఉప్పు వెయ్యడమే మర్చిపోయాను.

ఆ ఏడేళ్ళలో నేను చెప్పిన జవాబు అమ్మ ఒక్క ఆదివారం కూడా నమ్మలేదని నాకప్పుడు తెలిసింది.