రెండు సిఫారసు ఉత్తరాలు

ఇరవై రెండేళ్ల కిందట ఎమ్మెల్యేగారు సైకిళ్లు బాగుచేసే దుకాణంలోంచి నేరుగా వెళ్లి వార్డు సభ్యుడయ్యాడు. తర్వాత మున్సిపల్ చైర్మన్, ఆపైన శాసనసభ. ప్రసంగాలు చేతకావు, పేచీలు అసలే చేతకావు. వచ్చిన విద్య ఒక్కటే: ఎవరొచ్చి ఏమడిగినా కాదనడు. అడిగినవాడు గుమ్మం దిగేలోపే సిఫారసు ఉత్తరం చేతిలో పెట్టేస్తాడు. జనం నెత్తిన పెట్టుకున్నారంటే పెట్టుకోరా మరి!

ఆ మంచితనమే మొన్న కొంప ముంచింది. పొద్దున్నే మున్సిపల్ కమిషనర్ వచ్చి టీపాయ్ మీద రెండు కాగితాలు పరిచాడు. పాత బస్సు డిపో స్థలంలో ప్రసూతి ఆసుపత్రి కట్టాలని ఒకటి. అదే స్థలంలో కూరగాయల మార్కెట్ కట్టాలని ఇంకొకటి. రెండింటిలోనూ ‘ఇదే అత్యవసరం’ అని ఉంది. రెండింటి కిందా ఎమ్మెల్యేగారి సంతకమే.

“ఏది మీ మాట సార్? మధ్యాహ్నం పన్నెండులోగా ఒకటి తేల్చకపోతే మంజూరు పక్క ఊరికి వెళ్లిపోతుంది,” అన్నాడు కమిషనర్.

ఆయన కళ్లద్దాలు తుడుచుకుని రెండూ చదివాడు. మళ్లీ చదివాడు. తమాషా ఏమిటంటే, రెండూ మనస్ఫూర్తిగా రాసినవే. నిండు చూలాలిని వెంటబెట్టుకుని ఆడవాళ్లు వచ్చిన రోజు ఆసుపత్రి తప్ప ఈ ఊరికి మరేమీ అక్కర్లేదనిపించింది. తడిసిన బుట్టలతో కూరగాయలవాళ్లు వచ్చిన రోజు మార్కెట్ లేని ఊరు కూడా ఊరేనా అనిపించింది. ఇప్పుడు ఎదురుగా అడిగేవాళ్లెవరూ లేరు. ఏమీ అనిపించడం లేదు. ఆయనకు భయమేసింది.

లోపలున్న భార్యను పిలిచాడు. “ఏది చెప్పమంటావ్?”

“నన్నడుగుతారేంటండీ? మీకేం కావాలో అది చెప్పండి.”

“నాకా?”

ఎంత వెతుక్కున్నా లోపల ఏమీ తగల్లేదు. ఎవరైనా తలుపు తట్టి ఏదో ఒకటి అడిగితే బాగుండునని వీధి వైపు చూశాడు. ఎవరూ రాలేదు. పన్నెండు దాటింది. కమిషనర్ కాగితాలు సర్దుకుని, నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. ఊరికి ఆసుపత్రీ దక్కలేదు, మార్కెట్టూ దక్కలేదు.

భార్య మాత్రం అక్కడే నిలబడి ఆయన మొహంలోకి కొత్త మనిషిని చూసినట్టు చూస్తోంది.

“ఒకటడుగుతాను, నిజం చెప్పండి. ఆ రోజు మా నాన్న మీ దుకాణానికొచ్చి అడిగాడు కాబట్టే నన్ను చేసుకున్నారా?”

కాదు అనాలి. అంతే. అది ఆయనకూ తెలుసు. నోరు తెరిచాడు గానీ, కాదనడం ఆయనకు ఏనాడూ చేతకాలేదు.